జులైలో ఆగిన స్ట్రాబెర్రీ కాపు సెప్టెంబరులో మళ్లీ వస్తుంది

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. సీజనంతా కాస్తాయని చెబితే మే మొదట్లో 12 ఎవర్‌బేరింగ్ స్ట్రాబెర్రీ మొక్కలు కొని, నిరుడు టమాటా, వంగ వేసిన మడిలో నాటాం. జూన్‌లో పిల్లలు రోజుకొకటీ రెండూ కోసుకు తిన్నారు. పండ్లు చిన్నవి, కొన్ని వంకరపోయాయి. జులై వచ్చేసరికి పూత పూర్తిగా ఆగిపోయింది. తీగలు మాత్రం మడంతా పాకుతున్నాయి. రెండు మొక్కలు వడలిపోయాయి. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడ చేతి చలవ మంచిదని ఊళ్లో పేరు. తొలి పూత తుంచేయాలట అని నేనంటే, పూసిన పువ్వును తుంచడమేమిటని ఆవిడ ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం ఆవిడే నీళ్లు పోస్తున్నారు. ఈ మొక్కలు పీకేసి వేరేవి పెట్టమంటారా? విజయవాడలో ఉన్న మా చెల్లెలు, డిసెంబరులో వచ్చేటప్పుడు రెండు తీగలు తెచ్చిపెట్టమంటోంది. అక్కడ బతుకుతాయా?
ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: పీకకండి. వడలిన రెండింటి సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను. మిగిలిన పదీ మామూలుగానే ఉన్నాయి. జులైలో పూత ఆగడం ఈ జాతి మొక్కకు సహజం. మీ ఊళ్లో దీని అసలు కాపు ఇంకా రాలేదు. ఆగస్టు నెలాఖరున ఎండ తగ్గాక మళ్లీ పూస్తుంది. పువ్వు విచ్చిన నాలుగు వారాలకు పండు చేతికొస్తుంది కాబట్టి, సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరులో మంచు పడేదాకా మీకు పండ్లుంటాయి. ఇవాళ్టి నుంచి మీరు చేసే ప్రతి పనీ ఆ కాపు కోసమే అనుకుని చేయండి.

ఎందుకు ఆగిందో తెలిస్తే చేయవలసిన పని కూడా సులువుగా తెలుస్తుంది. మామూలు స్ట్రాబెర్రీ, అంటే జూన్ కాపు రకం, శరదృతువులో పగలు కురచ అయ్యాక మొగ్గ కడుతుంది. ఆ మొగ్గతోనే చలికాలమంతా నిద్రపోయి, వసంతంలో పూసి, జూన్‌లో మూడు వారాలపాటు గంపెడు కాసి, ఆ ఏటికి సరిపెట్టేస్తుంది. పాతకాలపు ఎవర్‌బేరింగ్ రకాలు, ఓజార్క్ బ్యూటీ, ఫోర్ట్ లారమీ లాంటివి, పగలు పొడుగ్గా ఉన్నప్పుడు కూడా మొగ్గ కడతాయి. అందుకే వాటికి జూన్‌లో ఒక విడత, వేసవి చివర మరో విడత కాపు వస్తుంది. ఇక మూడో రకానికి పగటి పొడవుతో పని లేదు. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ యూటా రాష్ట్రంలోని వాసాచ్ కొండల్లో ఒక అడవి స్ట్రాబెర్రీలో ఈ గుణాన్ని గమనించి, దాన్ని తోట రకాలతో సంకరం చేశాడు. 1981లో వచ్చిన ట్రైస్టార్, తర్వాత వచ్చిన సీస్కేప్, ఆల్బియన్ అన్నీ ఆ సంతతివే. దుకాణాల్లో పాత ఎవర్‌బేరింగ్‌కూ, ఈ మూడో రకానికీ కూడా ఎవర్‌బేరింగ్ అన్న చీటీయే తగిలిస్తారు. మొక్కలు కొన్నప్పటి కుండీ మీద రకం పేరు ఉందేమో వెతికి చూడండి, తర్వాత పనికొస్తుంది.

రెండిటికీ ఉన్న బలహీనత ఒకటే: వేడి. పగటి ఉష్ణోగ్రత 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి రోజుల తరబడి అలాగే ఉంటే మొక్క కొత్త మొగ్గ కట్టడం మానేస్తుంది. జులైలో ఎడిసన్ మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా. వేర్లకూ మొక్క మొదలుకూ చల్లదనం ఇవ్వగలిగితే ఈ ఖాళీ కొంత తగ్గుతుంది. అందుకని వరిగడ్డి లాంటి ఎండుగడ్డి (ఇక్కడ దొరికేది గోధుమ గడ్డి) మొక్కల మధ్య రెండంగుళాల మందాన పరవండి. పచ్చిక కోసి ఎండబెట్టిన పశువుల మేత కూడా దుకాణంలో పక్కనే ఉంటుంది, అది తేకండి. అందులోని గింజలు మొలిచి మడంతా కలుపు అవుతుంది. వడగాలి రోజుల్లో మధ్యాహ్నం పూట పల్చటి నీడ వల కట్టినా మేలే. పొద్దుటి ఎండ మాత్రం తగలాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేనిచోట స్ట్రాబెర్రీ ఆకులతోనే సరిపెడుతుంది.

ఇక పూత తుంచే విషయం. మీ అత్తగారికి ఇది మింగుడు పడకపోవడం న్యాయమే. కానీ ఆవిడకు తెలియని పద్ధతేమీ కాదిది. అంటు మామిడి నాటితే మొదటి రెండు మూడేళ్లు వచ్చిన పూత వచ్చినట్టే తీసేయిస్తారు కదా, చెట్టు ముందు నిలదొక్కుకోవాలని. స్ట్రాబెర్రీకి ఆ రెండు మూడేళ్ల పనీ ఆరు వారాల్లో అయిపోతుంది, అంతే తేడా. నాటిన ఏడాది, మొదటి ఆరు వారాలు (పాత ఎవర్‌బేరింగ్ రకమైతే జూన్ నెలాఖరుదాకా) కనబడిన ప్రతి పూకాడనూ గిల్లేయాలి. వేరు దిగకముందే మొక్క చేత పండు మోయిస్తే, జూన్‌లో తిన్న గుప్పెడు చిన్న పండ్లకు సెప్టెంబరులో బుట్టెడు వదులుకున్నట్టే. మీ పండ్లు చిన్నవిగా రావడానికి ఇదో కారణం. ఈ ఏడాదికి ఆ అదను దాటిపోయింది. ఇప్పుడు పూత లేదు కాబట్టి మీ ఇద్దరికీ పేచీ కూడా లేదు. ఆగస్టులో వచ్చే పూతను తాకకండి. రెండో ఏడాది నుంచి తుంచే అవసరమే ఉండదు.

తీగల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మొక్క మొదట్లోంచి దారంలా సాగి, చివర చిన్న ఆకుల గుత్తితో నేలను పట్టుకునేవన్నీ పిల్ల మొక్కలే. తల్లి తిండే తింటాయి. జూన్ కాపు రకాల్లో వాటిని పాకనిచ్చి మడి నింపుతారు. ఎవర్‌బేరింగ్‌లో ఎక్కువ కాపు తల్లి దుబ్బు మీదే. కాబట్టి వారానికోసారి కత్తెర పట్టుకుని, తీగను మొదటికంటా కత్తిరించేయండి. లాగి తెంపితే లేత వేర్లు కదులుతాయి. నెల తిరిగేసరికి తల్లి మొక్క పక్కనుంచి కొత్త పిలకలు వేసి గుబురుగా అవుతుంది. ఒక్కో పిలక నుంచీ ఒక్కో పూకాడ వస్తుంది. అంతర్జాలంలో చాలామంది జూన్ తర్వాత ఆకులన్నీ నేలమట్టానికి కోసేయమని చూపిస్తుంటారు. అది జూన్ కాపు రకానికి చేసే పని. మీ మొక్కలకు చేస్తే శరత్కాలపు కాపు మొత్తం పోతుంది.

ఇప్పుడు వడలిన రెండు మొక్కలు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇదే. అమెరికాలో మన తెలుగువాళ్ల పెరటి మడి ఎక్కడ చూసినా టమాటా, వంగ, మిర్చి ఉంటాయి. మూడూ ఒకే కుటుంబం, బంగాళదుంప కూడా వాటి చుట్టమే. వాటికి సోకే వెర్టిసిలియం అనే వడలు తెగులు బూజు మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటుంది, స్ట్రాబెర్రీకీ అంతే ఇష్టంగా సోకుతుంది. అందుకే ఈ నాలుగింటిలో ఏదైనా వేసిన చోట కనీసం నాలుగేళ్లపాటు స్ట్రాబెర్రీ నాటకూడదంటారు.

మీ మొక్కకు వచ్చింది అదేనా కాదా అన్నది చూసి తెలుసుకోవచ్చు. మొక్క దగ్గర కూర్చుని ఆకులు పరిశీలించండి. బయటి వరస పెద్ద ఆకులు అంచుల నుంచి గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతూ, మధ్యలోని లేత ఆకులు ఎదుగుదల లేకపోయినా పచ్చగానే ఉంటే అది వెర్టిసిలియం లక్షణం. మొక్క మొత్తం ఒకేసారి నీళ్లు లేనట్టు జావకారితే, తవ్వి తీసి ఒక వేరును చాకుతో నిలువుగా చీల్చండి. ఆరోగ్యమైన వేరు లోపల తెల్లగా ఉంటుంది. నడిమి దారం ఇటుక రంగులో కనబడితే అది నీరు నిలిచే మట్టిలో వచ్చే వేరు తెగులు. రోజూ సాయంత్రం పోసే నీళ్లు దానికి బాగా తోడ్పడతాయి. రెంటిలో ఏదైనా సరే ఆ మొక్కను మట్టితో సహా తీసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో కలపకండి. మందు కొట్టి బాగుచేసే తెగుళ్లు కావివి. వేర్లు తెల్లగానే ఉండి సగం తెగిపోయినట్టుంటే మట్టిలో తెల్లటి వేరుపురుగు ఉందేమో వెతకండి.

ఇంకొకటి కూడా చూడండి. ఆకు కాడలన్నీ కలిసే చోట, మధ్యలో ఉండే మొవ్వు మట్టిలో కూరుకుపోయి ఉందా? స్ట్రాబెర్రీ నాటడంలో అందరూ తడబడేది ఇక్కడే. మొవ్వు మీద మట్టి పడితే కుళ్లుతుంది, మరీ పైకి తేలితే వేర్లు బయటపడి ఎండుతాయి. మొదలు సగం మట్టిలో, మొవ్వు పైకి కనబడుతూ ఉండాలి. రోజూ పోసే నీళ్లకు మట్టి కొట్టుకొచ్చి మొవ్వు మీద చేరుతుంది. వేలితో నెమ్మదిగా పక్కకు తీసేస్తే చాలు.

నీళ్లు మానమని కాదు. స్ట్రాబెర్రీ వేర్లలో ఎక్కువ భాగం పైన ఆరంగుళాల మట్టిలోనే ఉంటాయి, కాబట్టి ఎండలో తొందరగా దాహం వేస్తుంది. వారానికి అంగుళం నుంచి అంగుళంన్నర నీరు, రెండు మూడు విడతలుగా, పొద్దున్నే, మొదట్లో పోయాలి. ఆకుల మీద కాదు. రాత్రంతా తడిగా ఉన్న ఆకులకూ పండ్లకూ బూడిదరంగు బూజు పడుతుంది. వేలు రెండు కణుపులదాకా మట్టిలో గుచ్చి, చల్లగా తడి తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. అత్తగారికి ఈ వేలి పరీక్ష చెప్పి చూడండి. పొలం చేసిన ఇంటి మనిషికి వెంటనే నచ్చుతుంది.

ఎరువు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. ఈ రకం నెలల తరబడి పూస్తూ కాస్తూ ఉంటుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు మొదటిదాకా నెలకోసారి కాస్త సమతుల ఎరువు గానీ, బాగా చివికిన కంపోస్టు గుప్పెడు గానీ వేస్తూ పోవాలి. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా ఎదిగి పండు మెత్తబడుతుంది, పులుపెక్కుతుంది. మట్టి పీహెచ్ 5.5కీ 6.5కీ మధ్య ఉండాలి. రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ల మట్టి పరీక్ష కేంద్రం మీకు దగ్గరే. కొత్త మడి వేసేముందు ఒకసారి మట్టి పంపి చూపించుకుంటే సున్నం వేయాలో వద్దో తేలిపోతుంది. కాకిలెక్కన సున్నం చల్లకండి.

వంకర పండ్ల గురించి. స్ట్రాబెర్రీ మీద గింజల్లా కనబడేవి ఒక్కొక్కటీ ఒక్కో చిన్న కాయ. ప్రతిదానికీ పుప్పొడి అందితేనే దాని చుట్టూ కండ ఉబ్బుతుంది. వానలు పట్టి తేనెటీగలు తిరగకపోతే కొన్ని ఫలదీకరణ చెందవు, ఆ వైపు పండు నొక్కుకుపోతుంది. లైగస్ అనే నల్లి జాతి పురుగు పిందె దశలో రసం పీల్చినా అచ్చం ఇలాగే అవుతుంది. తేడా గింజల్లో ఉంది. పండు చేతిలోకి తీసుకుని నొక్కుకుపోయిన భాగం దగ్గరగా చూడండి. అక్కడి గింజలు కొన్ని చిన్నవిగా, కొన్ని పెద్దవిగా ఉంటే పుప్పొడి లోపం. అన్నీ మామూలు సైజులోనే ఉండి, కండ లేక ఒకదానికొకటి ఒత్తుకుని గుంపుగా ఉంటే పురుగు. మొదటిదానికి మడి పక్కన నాలుగు బంతి మొక్కలో తులసి మొక్కలో పూయనిస్తే తేనెటీగలు వస్తాయి. రెండోదానికి మడి చుట్టూ కలుపు పెరగకుండా చూడటం ముఖ్యం. అయితే స్ట్రాబెర్రీ పూత మీదున్నప్పుడు కలుపు కోయకండి. కోస్తే అందులోని పురుగంతా తిన్నగా మీ పూత మీదికి దిగుతుంది.

సెప్టెంబరు కాపుకు జూన్ కాపుకు లేని శత్రువు ఒకటుంది. మచ్చరెక్కల డ్రోసోఫిలా అనే చిన్న ఈగ 2008లో కాలిఫోర్నియాలో కనబడి, కొద్ది ఏళ్లలోనే దేశమంతా పాకింది. మామూలు పండీగలు కుళ్లిన పండు మీద వాలతాయి. ఇది పక్వానికి వస్తున్న మంచి పండులోనే గుడ్డు పెడుతుంది. వేసవి చివరకు దాని సంఖ్య బాగా పెరుగుతుంది. ఇంటి తోటలో దీనికి నేను మందు చెప్పను, పిల్లలు మడిలోంచి నేరుగా నోట్లో వేసుకునే పండ్లివి. రోజు విడిచి రోజు, పండిన ప్రతి పండూ కోయండి. మెత్తబడినవీ పక్షులు పొడిచినవీ కూడా కోసి సంచిలో కట్టి పారేయండి. మంచివాటిని కోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, చలికి గుడ్డు ఎదగదు. అనుమానంగా ఉంటే నాలుగు పండ్లు ఉప్పునీళ్లలో పావుగంట ఉంచండి. పురుగుంటే బయటికి తేలుతుంది.

కోతలో ఒక జాగ్రత్త. మామిడి కోశాక కూడా పండుతుంది, ఇది పండదు. తొడిమ కింద తెల్లటి మెడ ఉండగా కోస్తే తర్వాత తీపి పెరగదు. మెడదాకా ఎర్రబడ్డాక మరో రోజు ఆగి, పొద్దున చల్లపొద్దులో, పండును లాగకుండా కాడను గోటితో గిల్లి తీయండి. ఉడతల బెడద మీకు తప్పదు. పక్షులకు వల చాలు గానీ ఉడతలూ చారల చిప్‌మంక్‌లూ వలను కొరికేస్తాయి. చెక్క చట్రానికి సన్న గళ్ల ఇనుప జాలి కొట్టిస్తే అదే శాశ్వతం. పూత సమయంలో తేనెటీగలకు దారి ఉండేలా పైమూత తీసిపెట్టండి.

చలికాలానికి తొందరపడి కప్పకండి. నవంబరులో నాలుగైదు రాత్రులు గట్టిగా గడ్డకట్టాక, మొక్క నిద్రలోకి జారాక, మూడు నాలుగంగుళాల గడ్డి కప్పండి. ముందే కప్పితే మొవ్వు కుళ్లుతుంది. మార్చి చివర గడ్డి కింద పసుపుపచ్చ చిగురు కనబడగానే పక్కకు తీసేయాలి. కుండీల్లో ఉన్నవాటి వేర్లకు నాలుగు వైపుల నుంచీ చలి కొడుతుంది. వాటిని హీటరు లేని గరాజులో గోడవారగా పెట్టి, నెలకోసారి కాసిని నీళ్లు చల్లితే చాలు.

వచ్చే ఏప్రిల్‌కి ఇంకో మడి కట్టండి. టమాటా, వంగ ఎప్పుడూ వేయని చోట, ఎనిమిది పదంగుళాల ఎత్తున. తెగులు లేనివని ధ్రువీకరించి, మట్టి లేకుండా వేర్లతో అమ్మే మొక్కలు తెప్పించుకోండి. ఇప్పుడున్న మడిలోంచి తీగలు తీసి నాటితే తెగులు కూడా వాటితోనే కొత్త మడికి వెళ్తుంది. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం. రకం ఎంచుకోవలసి వస్తే నా ఓటు ఆల్బియన్‌కే. పండు పొడుగ్గా, గట్టిగా, బాగా తియ్యగా ఉంటుంది, వెర్టిసిలియంను తట్టుకుంటుంది. ట్రైస్టార్ పండు చిన్నది గానీ అదీ తట్టుకునే రకమే. నలుగురున్న ఇంటికి 25 మొక్కలు సరిపోతాయి. ఏ రకమైనా మూడేళ్లకు కాపు తగ్గుతుంది, అప్పుడు మార్చేయాలి.

మీ చెల్లెలి కోసం తీగలు పట్టుకెళ్లకండి. విదేశాల నుంచి మొక్కలు తేవాలంటే భారతదేశపు మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, 2003 ప్రకారం దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. సూట్‌కేసులో తెచ్చింది దొరికితే తీసుకుంటారు. దొరక్కపోతే ఇక్కడి మట్టి తెగులు అక్కడికి చేరుతుంది, అది ఇంకా చెడ్డది. పైగా ఎవర్‌బేరింగ్ వల్ల విజయవాడలో ఒరిగేదేమీ లేదు. ఎడిసన్‌లో పగలు డిసెంబరులో తొమ్మిది గంటల పైచిలుకు, జూన్‌లో పదిహేను గంటలు. విజయవాడలో పదకొండుకీ పదమూడుకీ మధ్యే తిరుగుతుంది. అక్కడ కాపును నిర్ణయించేది పూర్తిగా వేడే.

అక్కడ స్ట్రాబెర్రీని చలికాలపు పంటగానే చూడాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో, 3,000 అడుగుల ఎత్తున, రైతులు చలికాలం ముందు నాటి డిసెంబరు నుంచి కోస్తారు. ఆ చలి విజయవాడలో లేకపోయినా డాబా మీద కుండీలో సంక్రాంతి నాటికి నాలుగు పండ్లు చూడవచ్చు. మహాబలేశ్వరం రైతులు వేసే వింటర్ డాన్, స్వీట్ చార్లీ రకాలు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వెచ్చటి శీతాకాలాల కోసం తయారు చేసినవే. ఆ నారు అక్టోబరు చివర నర్సరీలో అడిగి తీసుకోమనండి. ఆన్‌లైన్‌లో అమ్మే గింజలు కొనవద్దని, అందులోనూ నీలం స్ట్రాబెర్రీ గింజల బొమ్మ చూసి అసలు మోసపోవద్దని చెప్పండి. నీలం స్ట్రాబెర్రీ అనేది ఎక్కడా లేదు. ఎనిమిదంగుళాల కుండీకి ఒక మొక్క, కొబ్బరిపొట్టు, కంపోస్టు, ఎర్రమట్టి సమానంగా, పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. మార్చి దాటాక ఆకులు మాడుతుంటే దాన్ని బతికించాలని తంటాలు పడనక్కర్లేదు. అదే కుండీలో తోటకూర చల్లుకుని, మళ్లీ అక్టోబరులో కొత్త నారు తెచ్చుకోమనండి.